సున్నం గీత

తిమ్మక్క తన్నిన తన్నుకు అమీర్ బీ బిందె దొర్లుకుంటూ పోయి మసీదు మెట్టుకు తగిలింది.

"ముందు నా బిందె ఉన్నింది. యాడికి దూర్తాండావు?" అంది తిమ్మక్క.

"ఉన్నింటే? కొళాయి మీ నాయన పెట్టించినాడా?"

"మీ నాయన పెట్టించినాడా మరి? తొమ్మిది దినాలకొకసారి వచ్చే నీళ్ళు. అవీ మీరే పట్టుకుంటే మేమేం తాగాల?"

"తాగొద్దు. నీ నోరన్నా ఎండిపోతాది."

ఎర్రబండ కాలనీకి ఉన్నది ఒకటే కొళాయి. నగరం అయిపోయే చోట, రాప్తాడు వైపు పోయే హైవే పక్కన రెండు వందల ఇళ్ళు. కొళాయికి ఇటు మసీదు, అటు మారెమ్మ గుడి. తొమ్మిది రోజులకొకసారి గంటసేపు నీళ్ళొస్తాయి. ఆ గంటలో ఇంటికి రెండు బిందెలు దొరికితే గొప్ప. మిగతా రోజుల్లో ఆడవాళ్ళు హైవే దాటి, అవతలి తోట బోరు దగ్గర బతిమాలుకుని మోసుకొస్తారు. ఉగాది ముందు కాలనీలోని బయమ్మ అలా నీళ్ళు మోసుకొస్తూనే బండల లారీ కింద పడి చనిపోయింది.

ఆ తర్వాత మసీదు కమిటీ, గుడి కమిటీ కలిసి అర్జీ పెట్టాయి. సోమవారం సోమవారం కలెక్టరేటులో గ్రీవెన్సుకు తిరిగాయి. పదకొండు రసీదులు వచ్చాయి. నీళ్ళు రాలేదు.

ఇప్పుడు ఆ రెండు కమిటీలూ కొళాయి దగ్గర ఎదురెదురుగా నిలబడ్డాయి.

మసీదు కమిటీ పెద్ద ఖాజా హుస్సేన్ వెల్డింగు షాపు నుంచి చేతి గ్లవుజులతోనే వచ్చాడు. గుడి కమిటీ పెద్ద నారాయణ తన ఆటోను వీధి మొదట్లో అడ్డంగా ఆపి దిగాడు.

"ఏమప్పా హుస్సేనూ, మీ ఆడోళ్ళకు చెప్పుకో. గుడి ముందర కొళాయి ఇది."

"గుడి ముందరా? మసీదు గోడ కాడ ఉండాది. కండ్లు కనపడవా నీకు?"

"మాట తిన్నగా రానీ."

"రాకపోతే ఏం చేస్తావు?"

నారాయణ గుడిలోకి పోయి సున్నం డబ్బా తెచ్చాడు. కొళాయికి అటూ ఇటూ, రోడ్డు పొడవునా తెల్లగా గీత గీశాడు.

"ఇది దాటినోడి కాళ్ళిరుగుతాయి."

అమీర్ బీ గీత మీద ఉమ్మింది.

మిద్దె మీద నుంచి ఎవరో వీడియో తీశారు. ఎవరో వంద నంబరుకు ఫోను చేశారు. పావుగంటలో 'మసీదుకూ గుడికీ గొడవ' అని ఊరంతా ఫోన్లలో తిరిగింది.

పోలీసుల కంటే ముందు నాలుగు బైకులొచ్చాయి. కాలనీలో ఎన్నడూ చూడని మొగాలు. ఒకడి చేతిలో క్రికెట్ బ్యాటు.

"అక్కా, నువ్వు ఊ అను. వీళ్ళ సంగతి మేం చూస్తాం."

తిమ్మక్క ఇంతెత్తున లేచింది. "ఎవర్రా మీరు? మా కొట్లాట కొట్లాడుకునేకి మాకు నోళ్ళు లేవా? పోండి, మీ వీధిలో ఆడుకోపోండి."

ఖాజా హుస్సేన్‌కు సాయమంటూ ఇంకో గుంపు వచ్చింది. ఆయన వాళ్ళను ఆటో దాటనివ్వలేదు.

గంటలో సీఐ దిగాడు. వెనకాలే తహసీల్దారు. ఆయన వెనక మునిసిపల్ కమిషనరు. నాలుగేళ్ళలో కమిషనరు కారు ఆ వీధిలోకి రావడం అదే మొదలు. షామియానా వేశారు. కుర్చీలు తెచ్చారు. శాంతి కమిటీ అన్నారు.

అందరం అన్నదమ్ముల్లా ఉండాలని కమిషనరు పది నిమిషాలు మాట్లాడాడు. గీతకు ఇటు మసీదు వాళ్ళు, అటు గుడి వాళ్ళు. ఒక్కరూ తల తిప్పలేదు.

"అసలు మీకేం కావాలమ్మా?" అని సీఐ విసుక్కున్నాడు.

"వాళ్ళతో ఒక కొళాయి కాడ నిలబడం సార్" అంది తిమ్మక్క.

"ఆయమ్మ బిందె తగిలిన నీళ్ళు మాకూ వద్దు" అంది అమీర్ బీ.

సీఐ కమిషనరు వైపు వంగాడు. "వచ్చే నెల వినాయక చవితి సార్. నిమజ్జనం ఊరేగింపు ఈ వీధిలోనే పోవాలి. రెండు కొళాయిలు పెట్టించేయండి. నాకు నిద్ర పడుతుంది."

కమిషనరు కాగితం తీశాడు. వారంలో కొత్త పైపులైను. మసీదు దగ్గరొక కొళాయి, గుడి దగ్గరొక కొళాయి. రోజు విడిచి రోజు నీళ్ళు. అంతవరకూ దినానికి రెండు ట్యాంకర్లు.

"వాళ్ళకు ఒక్క చుక్క ఎక్కువ పోయినా ఊరుకోం" అన్నాడు నారాయణ.

"మాకు ఒక్క చుక్క తగ్గినా అంతే. నోటి మాట కాదు సార్, సీలేసి ఇయ్యండి" అన్నాడు ఖాజా హుస్సేన్.

రెండు కాగితాలు రాశారు. రెండింటి మీదా గుండ్రటి సీలు పడింది. ఫోటో కోసం చేతులు కలపమంటే కలిపారు. నారాయణ గుడి వైపు చూశాడు. ఖాజా హుస్సేన్ నేల వైపు చూశాడు.

వారం రోజులు పోలీసు పికెట్ ఉంది. ట్యాంకర్ల దగ్గర ఆడవాళ్ళు ఒకరికొకరు వీపులు పెట్టి నిలబడ్డారు. గోరంట్ల నుంచి వచ్చిన కానిస్టేబులు, ఇంత పంతం ఏ ఊళ్ళోనూ చూడలేదన్నాడు.

ఎనిమిదో రోజు రెండు కొళాయిల్లోనూ నీళ్ళొచ్చాయి. సాయంత్రానికి పికెట్ ఎత్తేశారు.

పోలీసు జీపు హైవే ఎక్కి కనుమరుగయ్యాక, మసీదు వెనక గదిలో రెండు కమిటీల వాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని టీ తాగుతుండగా, ఖాజా హుస్సేన్ నారాయణ భుజం మీద చెయ్యేసి, "నీళ్ళ కొట్లాట తిమ్మక్క మొదలుపెట్టింది కదప్పా, డ్రైనేజీ కొట్లాట ఈసారి అమీర్ బీతో మొదలుపెట్టిద్దాం" అన్నాడు.