తొలి రొట్టె

"తడారని బట్టీలో మంట పెడతావా? మతి పోయిందా అక్కా నీకు?" నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది ఆనికా.

సఫ్తా ఎండుకొమ్మలు విరిచి చెల్లెలి చేతికిచ్చింది. "నోరు కాదే, చెయ్యి ఆడించు. లోపల పేర్చు."

పెరట్లో పాత రొట్టెల బట్టీ మంచుకి కూలిపోయింది. కొత్తదానికి గడ్డీ పేడా కలిపిన మట్టిని సఫ్తా పట్టుబట్టి ఆనికా చేతే తొక్కించింది. గుమ్మటమూ ఆమె చేతే మెత్తించింది. పక్కిల్లే కదా అని ఇన్నేళ్ళూ అక్క కాల్చిన రొట్టె తిని మూతి తుడుచుకున్న మనిషి ఆనికా. ఈ వయసులో తనకీ చాకిరీ ఏమిటో ఆమెకి అంతుపట్టలేదు.

"ఎండలు ముదిరేదాకా ఆరాలి ఇది. ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. ఇప్పుడే కాలిస్తే నిలువునా బీటలిస్తుంది."

"ఇస్తే మెత్తుకుందువుగాని."

"నేనా?"

"మరి? మీ బావ లేచొచ్చి మెత్తుతాడా?"

ఆనికా కొమ్మలు లోపల పేర్చసాగింది. గవ్రిల్ బావ పోయింది మొన్నటి చలికాలంలోనే. పాపం, దీని తొందరంతా మొగుడి కోసమే అనుకుంది. కొత్త బట్టీలో తొలి రొట్టె ఇంటివాళ్ళు తినరు. దానికి మైనపు వత్తి గుచ్చి వెలిగించి, కాలం చేసినవాళ్ళ పేరున పక్కింటివాళ్ళ చేతిలో పెడతారు. పుచ్చుకున్నవాళ్ళు ఆ పేరు పలికి, దేవుడు మన్నించుగాక అనాలి. అనకపోతే రొట్టె ఆ మనిషికి అందదు.

మంట అంటుకుంది. మట్టిలోంచి ఆవిరి లేచింది. కాసేపటికి టప్పుమని ఓ పక్క బీట పడింది.

"చెప్పానా?" అంది ఆనికా.

"చెప్పావులే. నిప్పులు బయటికి లాగి, పిండి చల్లి చూడు."

ఆనికా గుప్పెడు పిండి విసిరింది. పడ్డది పడ్డట్టే నల్లబడింది.

"వేడెక్కువైంది. కాస్త ఆగి మళ్ళీ చల్లు. ఎర్రగా వేగిందంటే అప్పుడు రొట్టె పెట్టు. గుర్తుంటుందా?"

"ఉంటుందిలే. ఇంతకీ పట్నం డాక్టరేమన్నాడు?"

"పులుపు మానమన్నాడు. పిండి చల్లవే."

ఈసారి పిండి ఎర్రగా వేగింది. ఆనికా రొట్టెని చెక్కపారతో లోపలికి తోసి, చెమట తుడుచుకుంది. "నువ్వుండగా ఇవన్నీ నాకెందుకక్కా?"

సఫ్తా బట్టీ మూతికి పలక అడ్డం పెట్టి, సందుల్లో తడిమట్టి పూసింది.

రొట్టె బయటికొచ్చింది. ఓ వైపు బాగా మాడింది. ఆనికా సిగ్గుపడింది.

"ఫరవాలేదు, రెండోది కుదురుతుందిలే," అంది సఫ్తా. వత్తి గుచ్చి వెలిగించి, వేడి రొట్టెని చెల్లెలి చేతుల్లో పెట్టింది.

ఆనికాకి కళ్ళనీళ్ళు తిరిగాయి. బావ మంచి మనిషి. "గవ్రిల్ బావని దేవుడు..."

సఫ్తా ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"బావ పేరు కాదే. నా పేరు చెప్పు. రేపు నువ్వు చెప్పేటప్పుడు వినడానికి నేనుండను."