గీత మొదలైన చోటు

“ఇదిగో, అచ్చం ఇలాగే కావాలమ్మా,” అంటూ జయకుమారి తన ఫోన్ షిరీన్ ముందు పెట్టింది.

వినుకొండలో బస్టాండు వెనక వీధిలో షిరీన్‌కి బట్టల డిజైన్ల షాపు ఉంది. కుట్టబోయే జాకెట్టు, కట్టబోయే చీర మనిషి మీద ఎలా ఉంటాయో ముందే ట్యాబ్ మీద బొమ్మ వేసి చూపిస్తుంది. బట్టంతా ఫోటో, మనిషంతా గీత.

ఫోన్‌లో ఒక అబ్బాయి బొమ్మ ఉంది. ముఖం, టై, నల్ల కోటు ఫోటో. కోటు అంచు దగ్గర ఫోటో మెల్లగా కరిగిపోయింది. అక్కడి నుంచి కిందకి పెన్సిల్ గీతలు. ప్యాంటు మడత, బూట్లు, బూట్ల లేసులు కూడా.

“భలే కలిపారు ఆంటీ. ఫోటో ఎక్కడ ఆగిందో, గీత ఎక్కడ మొదలైందో తెలియట్లేదు. అదే పనితనం,” అంది షిరీన్. “నేనైతే బూట్లకి ఇంత ఓపిక పెట్టను. ఎవరీయన?”

“నతానియేలు. చీమకుర్తి. మన చర్చి సంఘం పెళ్ళి సంబంధాల గ్రూపులో చూశాం. గ్రానైట్ ఆఫీసులో పని. ఎండలో తిరిగేది కాదు, హాయిగా కుర్చీలో కూర్చుని చేసుకునే ఉద్యోగం. ఆదివారం గుడిలో కీబోర్డు వాయిస్తాడంట. ముందు ఫోటోలు చూసుకుందాం, కలవడం తర్వాత అన్నాడు. ఇప్పుడు ఫ్యాషన్ ఇదే కదూ, సగం ఫోటో, సగం బొమ్మ?”

“ఇదే.”

“అయితే మా అమ్మాయి ఆరాధనకి కూడా వెయ్యి. ముఖం, చీర ఫోటో పెట్టు. ఎడమ చెయ్యి మాత్రం గీత.”

షిరీన్ తలెత్తింది. గోడ పక్క స్టూలు మీద ఆరాధన రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. పత్తి మిల్లులో బెల్టు లాక్కున్న ఆ చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయి రెండేళ్ళయింది. ఆమె జాకెట్లు కుట్టేది షిరీనే. ఎడమ చేతి అంచు మూసి కుట్టడం కూడా అలవాటైంది.

“ఎప్పటికైనా తెలుస్తుంది కదా ఆంటీ.”

“తెలియనీ. అప్పటికి పిల్ల నచ్చి ఉంటుంది. రెండు సంబంధాల వాళ్ళు చెయ్యి మాట వినగానే ఫోన్లు ఎత్తడం మానేశారు. దీని ముఖమైనా చూశారా వాళ్ళు?”

షిరీన్ లేచింది. ఆరాధనని తెల్లగోడ ముందు నిలబెట్టి ఫోటో తీసింది. ఆరాధన నవ్వమంటే నవ్వింది, ఆపమంటే ఆపింది. బయట మిర్చి బస్తాల లారీ వెళ్ళింది. ముగ్గురూ తుమ్మారు.

“బాగుంది. కళ్ళకి నీళ్ళొచ్చి మెరుస్తున్నాయి, ఇంకోటి తియ్యి,” అంది జయకుమారి.

తర్వాత షిరీన్ ట్యాబ్ మీద చెయ్యి గీసింది. మోచేతి దగ్గర నీలం జాకెట్టు అంచుని కరిగించి, గీతని కిందకి దించి, అయిదు వేళ్ళూ వేసింది. జయకుమారి వాచీ కూడా పెట్టమంది. ఒకప్పుడు ఆరాధన ఆ చేతికే పెట్టుకునేది.

ఆరాధన లేచి వచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

“వాచీలో టైమెంతక్కా?”

“పదీ పది.”

“మంచి టైమే.” తల్లి వైపు తిరిగింది. “అమ్మా, ఇది పంపించాక రాత్రి ప్రార్థనలో ఏం చెప్తావు?”

“ఏం చెప్పాలే? దేవుడికి తెలియందా? తెలియంది వాళ్ళకే.”

“ఆయనకి తెలిసినప్పుడు వాళ్ళకి తెలిస్తే ఏం?”

 జయకుమారి పైట కొంగు నెత్తి మీదకి లాక్కుని కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. షిరీన్ ట్యాబ్ మీద లేని దుమ్ము తుడిచింది.

“నీ ఇష్టం,” అంది చివరికి జయకుమారి, కళ్ళు తెరవకుండానే.

“అక్కా, బొమ్మ వద్దు. ఫోటోనే పంపుదాం. కొంగు పక్కకి జరుపుతాను, చెయ్యి కనిపించేలా ఇంకోటి తియ్యి. అది అమ్మ ఫోన్‌కి పంపు.”

షిరీన్ తీసి పంపింది. ఆరాధన తల్లి ఫోన్‌లోంచి దాన్ని నతానియేలుకి పెట్టి, ఒక్క బొటనవేలితో కింద రాసింది: ‘నా ఎడమ చెయ్యి మోచేతి వరకే ఉందండి. ఇష్టం లేకపోతే ఏమీ అనుకోను. వందనాలు.’ పంపేసి, ఫోన్ టేబుల్ మీద పెట్టి, మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.

రెండు టిక్కులు పడ్డాయి. నీలంగా మారాయి.

అవతల ఏదో టైప్ చేస్తున్నట్టు కనిపించింది. ఆగిపోయింది. మళ్ళీ కనిపించింది. మళ్ళీ ఆగిపోయింది. షిరీన్ టీ తెప్పించింది. ఎవరూ తాగలేదు.

“చూశావా. ఇక రాదు,” అంది జయకుమారి. గొంతులో కోపం లేదు. “బొమ్మైనా పంపితే నాలుగు రోజులు మాట్లాడేవాడు.”

“పద, నాలుగున్నర బస్సు పోతుంది,” అంది ఆరాధన. ఆమె గొంతులోనూ ఏమీ లేదు.

జయకుమారి సంచి తీసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అప్పుడు టేబుల్ మీద మర్చిపోయిన ఫోన్ టింగుమంది.

షిరీన్ టేబుల్ మీంచి తీసి చూసింది. మాటలేమీ లేవు, ఒక ఫోటో ఉంది. తల్లీకూతుళ్ళు చెరో పక్క నుంచి వంగారు. నతానియేలు అదే నల్ల కోటుతో కీబోర్డు పక్కన కుర్చీలో కూర్చుని, నవ్వకుండా నేరుగా చూస్తున్నాడు.

ఈసారి గీతలు లేవు, మోకాళ్ళ కింద కాళ్ళూ లేవు.