తెరచాప అలవాటు

"ఇమానం నడిపే మొకమేనా ఇది?" వల బాగుచేస్తున్న గురువులు తలెత్తకుండానే వెటకారమాడాడు.

ఫ్లయింగ్ టెస్టు తప్పి వచ్చిన కూతురు ఈశ్వరి జాలరిపేట ఇసుకలో నిలబడే ఉంది.

"ఏటి సేసినావే?"

"సెప్పినా నీకర్థం కాదులే నాన్నా."

"సేపలోడికి సెవులుండవేటి? సెప్పు."

"దిగేటప్పుడు రెక్కల ఎనక ఫ్లాప్స్ కిందికి వంచుతాం. అవి వంగుంటే తక్కువ స్పీడులో కూడా ఇమానం నిలబడతాది. ఇంతలో అడ్డగాలి కొట్టింది. సారు మళ్లీ పైకి లేపమన్నారు. అప్పుడు ఫ్లాప్స్ కొంచెం కొంచెంగా మడవాల. నాను ఒక్కపాలే మడిసేసినాను. ఇమానం దబ్బున జారిపోనాది. సారే పట్టి లేపినారు. 'సేపలు పట్టే సేతులు' అని నవ్వినారు."

"తెలిసుండీ ఎందుకు మడిసినావు?"

"ఏటో. గాలి కొట్టగానే సెయ్యి దానంతటదే పోనాది."

గురువులు చేతిలో సూది ఆగింది. గాలి మీద పడితే తెరచాప ఒక్కసారిగా దించేయాలని, ఏడేళ్లప్పుడు పడవలో కూర్చోబెట్టి కూతురి చేతికి నేర్పింది తనే.

"మీ సారుకి నవ్వడమే వొచ్చు, సెప్పడం రాదు," అన్నాడు. "తెరసాప దించేసినా పడవని నీళ్లు మోస్తాయే. నీ ఇమానాన్ని మోసేదే తెరసాప."