అందరికంటే ముందు

“రెండు ఆపరేషన్లయ్యాక మామూలు కాన్పు కావాలట! దీనికి మతిపోయింది డాక్టర్ గారూ!” భర్త నవ్వేశాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. “నొప్పులు మొదలైతే లోపలి పాత కుట్లు విడిపోయే ప్రమాదం ఉందమ్మా. అలాగని అసలు కుదరదనీ అనను. ఎందుకింత పట్టుదల?”

“మా అమ్మ దెప్పుతుందిలెండి, నొప్పులెరగని తల్లివని,” భర్తే అందుకున్నాడు.

“అత్తయ్య మాటకు కాదు.” ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుంది. “రెండుసార్లూ నాకు మెలకువ వచ్చేసరికి బిడ్డను ఊరంతా చూసేసింది. ముక్కెవరిదో, రంగెవరిదో తేల్చేశారు కూడా. చుట్టంచూపుకి వచ్చినదానిలా అందరికంటే ఆఖరున చూశాను. ఈసారి నేనే ముందు చూడాలి.”

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. “నడుముకి మత్తిస్తే ఆపరేషన్లోనూ మెలకువగానే ఉంటావు. బిడ్డను ముందు నీకే చూపిస్తాం.”

“మరి అప్పుడూ అలా చేసి ఉండొచ్చుగా?”

“అలాగే అనుకున్నాం. పిరికిది, ఏమీ తెలియకుండా చేయండని మీ ఆయనే పట్టుబట్టారు. నీ మాటా అదేననుకుని నిన్నడగలేదు. తప్పు నాదే.”

ఆమె భర్త వైపు తిరిగింది.

“నీ మంచికేగా!” అన్నాడతను, నిజంగానే ఆశ్చర్యపోతూ.

కుర్చీలు ఆనుకునే ఉన్నాయి. ఇన్నేళ్ల కాపురంలో అతను అంత దూరంగా ఆమెకెప్పుడూ కనిపించలేదు.

“ఇప్పుడేం చేద్దామమ్మా?” డాక్టరమ్మ అడిగింది.

జవాబు చెప్పడానికి అతను నోరు తెరిచాడు.

“మీరు కాసేపు బయట కూర్చోండి,” అందామె భర్తతో, నెమ్మదిగా. “నేను మాట్లాడుకుంటాను.”