అరవై మూడు చుక్కలు

"చెవులతో పక్షుల్ని లెక్కపెట్టే మనిషిని మ్యూజియంలో పెట్టాలి తాతా!" అంటూ చేతిలో డ్రోనుతో నిలబడ్డ కుర్ర వేటగాడు వేడ్ పకపకా నవ్వాడు.

హాల్వర్ చెవి వెనక అరచెయ్యి ఆనించుకుని పొలం వైపే వింటూ కూర్చున్నాడు. పక్కనే అతని ముసలికుక్క పెప్పర్ కునుకు తీస్తోంది. నలభై ఏళ్ళుగా ఈ పొలంలో ఫెజెంట్లనే అడవికోళ్ళ వేట అతనిదే. రేపటితో ఆ ముచ్చటా తీరిపోవచ్చు. ఆ హక్కు తనకిమ్మని వేడ్ పట్టుబట్టడంతో, పొలం యజమానురాలు ఇంగా తేల్చి చెప్పేసింది: "చెరో పక్క తీసుకోండి. రేపు మధ్యాహ్నంలోగా ఎవరికి ముందు మూడు పక్షులు పడితే, ఇకమీదట వేట హక్కు వాళ్ళదే."

"అవునూ, ఆ డ్రోను వాడొచ్చా?" అని ఆమెకు అనుమానం వచ్చింది.

"చట్టం నాకు కంఠతా వచ్చు పెద్దమ్మా! ముందురోజు ఎగరేయొచ్చు, వేటరోజు పెట్టెలోనే ఉండాలి. మనిషికి మూడే. పుంజుల్నే కాల్చాలి, పెట్టని కొడితే లైసెన్సు గోవిందా!" అన్నాడు వేడ్.

డ్రోను రయ్యిమని లేచింది. తెరమీద పక్షుల ఒంటి వేడి తెల్లటి చుక్కలుగా మెరిసింది. తూర్పున అరవై మూడు. పడమట తొమ్మిది.

"తూర్పు నాది! నీ చెవులేమంటున్నాయి తాతా?"

"తూర్పున చడీచప్పుడూ లేదు బాబూ. తెల్లారగట్ల కూతలన్నీ పడమటే. నాకదే చాలు."

"అరవై మూడు ఎదురుగా కనిపిస్తుంటే చప్పుడు లేదట! ఉన్న చెవులూ పోయినట్టున్నాయి. ఆ కుక్కకైనా చెప్పండి పెద్దమ్మా, రేపే ఆఖరి వేటని."

ఇంగాకు మనసు చివుక్కుమంది. "హాల్వర్, ఇంకోసారి ఆలోచించుకో."

"అక్కర్లేదమ్మా."

మర్నాడు వేడ్ మిన్నియాపొలిస్ నుంచి ముగ్గురు మిత్రుల్ని దింపాడు. కొత్త కోట్లు, కొత్త తుపాకులు. అతగాడి ధీమా చూస్తే పక్షులే వరసకట్టి వచ్చి సంచిలో దూకేలా ఉన్నాయి.

"కాఫీ పెట్టండి పెద్దమ్మా, చల్లారేలోగా వచ్చేస్తాం!"

పడమట తుపాకి పేలింది. కాసేపటికి మరోసారి.

తూర్పున గడ్డి చివర గుప్పున రెక్కల మోత లేచింది. ఆకాశం నిండా పక్షులు. నాలుగు తుపాకులూ భుజాలకెక్కాయి. ఒక్కటీ పేలలేదు.

"కాల్చరేం?" గట్టుమీంచి ఇంగా అరిచింది.

వేడ్ ముఖాన కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు. పడమట మూడో తుపాకిమోత వినబడింది, వెంటనే పెప్పర్ మొరిగింది.

లేచిన అరవై మూడూ పెట్టలే.