ముడి దాటని ఊపు

మామిడితోట బావి గట్టున తాడు పట్టుకుని కూర్చున్న భీమక్క ముందుకు ఓ పిల్ల వచ్చి నిలబడింది.

భుజాన కొత్త తాడు చుట్ట. మోకాళ్ల దాకా దుమ్ము.

"తాళ్లమ్మేదానివా? మాకొద్దు, పో."

"అమ్మేకి రాలేదక్కా. ఊరికే ఇస్తా."

"ఊరికే ఇచ్చే తాడు ఊయలకే పనికొస్తాది పాపా" అన్నాడు క్రేను దగ్గర నిలబడిన మేస్త్రి పెద్ద ఈరన్న. కూలీలు నవ్వారు.

బావి అడుగున భీమక్క మొగుడు మహానంది రాయి కొడుతున్నాడు. నీళ్లు కిందికి జారేకొద్దీ బావుల్ని లోతు చేయడమే వాళ్ల బతుకు.

క్రేను మోతలో లోపలి మనిషి కేక పైకి వినపడదు. ఆపద వస్తే తాడు ఊపాలి. గుంజితే గట్టు రాళ్లు నెత్తిన పడతాయని, పక్కకు ఊపడమే అలవాటు. పైన ఆ ఊపు అందుకోవాల్సిన చెయ్యి భీమక్కది.

పిల్ల బావిలోకి తొంగి చూసింది. పైనుంచి లావు మోకు దిగి ఉంది. అది చాలక, సగం లోతులో దానికి సన్న నైలాను తాడు ముడివేశారు.

"ఆయన్ను పైకి రమ్మనక్కా. ఈ తాడు కట్టి మళ్లా దించండి. ఇది ఒకటే తాడు, యాడా ముడి లేదు."

"లారీ కట్టి లాగినా తెగదు మా ముడి" అన్నాడు ఈరన్న.

"తెగదన్నా. తెగకపోయినా ఊపు పైకి రాదు."

సంచిలోంచి మరో తాడు తీసింది. సగం లావు, సగం సన్నం. లావు కొస భీమక్క ఖాళీ చేతికిచ్చి, సన్న కొస పట్టుకుని దూరంగా పోయి ఒక్క ఊపు ఊపింది.

అల పాములా పరుగెత్తింది. ముడిని తాకి, తలకిందులై, పిల్ల చేతికే తిరిగి వచ్చింది. భీమక్క చేతికి ఈగ వాలినట్టు తెలిసింది, అంతే.

"దీనికి లెక్క ఉండాదక్కా. మూరకు మూర తూస్తే మోకు సన్నతాడుకు పదహారింతలు బరువనుకో. పదహారుకు వర్గమూలం నాలుగు. ఊపును అయిదు పాళ్లు చేస్తే, మూడు పాళ్లు ముడి కాడే ఎనక్కి తిరుగుతాయి. రెండే దాటతాయి. ఆ రెండూ గట్టు రాపిడిలో పోతాయి."

"శానా సదివినట్టుండావే! మా తాత కాలం నుంచి ముడేసిన తాళ్లే. సద్దికి ఎట్లాగూ పైకొస్తాడు, అప్పుడు సూద్దాంలే" అన్నాడు ఈరన్న.

"అంతలోపల ఆయన ఊపిరాడక ఊపితే? అక్క చేతికి తెలీకనే సచ్చిపోతాడన్నా!"

కూలీల నవ్వు ఆగిపోయింది.

మనిషి బావిలో ఉన్నంతసేపు గట్టు మీద చావు మాట ఎత్తకూడదు. ఎత్తితే బావి వింటుందంటారు.

భీమక్క తాడు వదలకుండానే లేచి నిలబడింది.

"నా మొగుడు లోపలుంటే ఆ మాట అంటావా? నీ నోట్లో మన్ను పడ! ఎవురి బిడ్డవే నువ్వు?"

పిల్ల తాడు చుట్ట గట్టు మీద పెట్టి, వెనక్కి చూస్తూ చూస్తూ వెళ్లిపోయింది.

భీమక్క ఆ చుట్టను కాలితో అవతలికి తోసింది.

సద్ది వేళకు క్రేను ఆపారు.

"మహానందీ! రాప్పా, తిందాం!"

బావి పలకలేదు.

తొట్టిలో పైకి తెచ్చేసరికి మనిషి చల్లబడ్డాడు. అడుగున చెడుగాలి పట్టింది. రెండు అరచేతులూ నైలాను తాడు కోసుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

ఎంతసేపు ఊపాడో!

మధ్యలో ఒకసారి చేతికి ఏదో తగిలినట్టయింది భీమక్కకు. గాలి అనుకుంది.

దినాలు అయ్యాక ఈరన్నను అడిగింది.

"ఆ పిల్ల యాడుండాదో కనుక్కో అన్నా. కాళ్లు పట్టుకోవాల."

ఈరన్న పొద్దున పోయి పొద్దుగూకే వేళకు వచ్చాడు.

"దొరికిందా?"

"లేదమ్మా. ఇంకో బావి కాడికి పొయ్యిందంట. యాడ బావి తవ్వుతాండారంటే ఆడికి తాడెత్తుకొని పోతాదంట."

"ఎవురి బిడ్డంట?"

ఈరన్న తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"నిరుడు ఆలూరు దిక్కు బావిలో పాయె సూడు గిడ్డయ్య. ఆయప్ప కూతురు."

భీమక్కకు ఆ పేరు తెలుసు.

ఆ రోజు గిడ్డయ్య లోపల తాడు ఊపుతున్నప్పుడు, పైన రెండో కొస పట్టుకుని కూర్చున్నది మహానందే.