తెలుగు రాని ఆమెన్

గుంటూరులో పెద్ద డాక్టరు దయామణి. కెనడా వచ్చాక, హాలిఫాక్స్‌లో డాక్టరు లైసెన్సు పరీక్ష మూడోసారీ పోయింది. ఇప్పుడు ఓల్డేజ్ హోమ్‌లో ముసలి థామస్ కాళ్లు కడుగుతోంది.

"ప్రభువా, ఈ చెరలోంచి నన్ను విడిపించు" అని రోజూలాగే తెలుగులో గొణిగింది.

"ఆమెన్" అన్నాడు తెలుగు ముక్క రాని థామస్.

దయామణికి ఒళ్లు మండింది. "నేనేం అడిగానో మీకు తెలుసా?" అంది ఇంగ్లీషులో.

"నా గురించేగా! కన్నపిల్లలే రావడం మానేశారు. నాకోసం ప్రార్థన చేసేది నువ్వొక్కదానివే. పొద్దున్న లేస్తే నీకోసమే చూస్తుంటాను."

ఆమె చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. కాసేపటికి ఆ పాదాలు మెల్లగా తుడిచి, ఒళ్లో పెట్టుకుంది.

"ప్రభువా, రేపు కూడా నన్నిక్కడికే నడిపించు."

ఎప్పట్లాగే "ఆమెన్" అన్నాడు ముసలాయన.